మేట్రనమ్మ ఇంటి పక్క మురుగు ప్లాంటు

"బాగుండావా" అని అడగడం ఆమెకు అలవాటు లేదు. ఎవరు ఎదురుపడినా ఆమె నోట మొదటి మాట ఒకటే. "మోషన్ సాఫీగా అయితాందా?" కూరగాయల అంగట్లోనైనా, చర్చి మెట్ల మీదనైనా, పెళ్లి భోజనాల బంతిలోనైనా అదే మాట. పుంగనూరులో ఆమెను ఎరిగినవాళ్లు సిగ్గుపడటం ఎప్పుడో మానేశారు. "అయితాందమ్మా" అని జవాబిచ్చి తమ దారిన తాము పోయేవాళ్లు. ఎరగనివాళ్లు మాత్రం ఉన్నచోటే ఆగిపోయి, ఈమె ఎవరు, నన్నెందుకు అడిగింది, ఇప్పుడు నిజం చెప్పాలా అని సతమతమయ్యేవాళ్లు. మొదటిసారి నేనూ ఆగిపోయాను. ఆ తర్వాత నిజమే చెప్పాను.

మదనపల్లెలో ఒక మిషన్ ఆసుపత్రిలో చాలా ఏళ్లు నర్సులందరికీ పెద్దగా, అంటే మేట్రన్‌గా పనిచేసి, రిటైరయ్యాక పుంగనూరు శివారు కాలనీలో చెల్లెలితో కలిసి ఉండేది. ఊరంతా మేట్రనమ్మ అనేది. ఆమెకు ఒక పేరు ఉండేది కానీ ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్లను నేను చూడలేదు. అందుకే నేనూ ఆ పేరు జోలికి పోవడం లేదు.

పోయిన వానాకాలంలో ఒక డ్రైనేజీ పని కొలతల కోసం నేను కుప్పంలో ఉండగా రెడ్డెప్ప ఫోన్ చేశాడు. రెడ్డెప్ప మా పుంగనూరు మురుగునీటి శుద్ధి ప్లాంటులో ఆపరేటరు. మోటరు కాలిపోతే తప్ప ఫోన్ చేసే మనిషి కాడు.

"సార్, మేట్రనమ్మ పొయ్యింది" అన్నాడు.

"యాడికి?" అన్నాను నేను, టేపు చుట్టుకుంటూ.

అతను ముక్కు చీదిన చప్పుడు వినబడింది. అప్పుడు అర్థమైంది. టేపు అక్కడే పెట్టేసి బస్సెక్కాను. వి.కోట దాటేదాకా ఆమెనే తలుచుకుంటూ కూర్చున్నాను. పక్క సీటాయన నా వంక రెండు మూడు సార్లు అనుమానంగా చూశాడు. చావుకు పోయే మనిషి మధ్యమధ్యలో నవ్వుకుంటుంటే ఎవరికైనా అనుమానమే.

మాది పెద్దతిప్పసముద్రం పక్క పల్లె. ఇంజినీరుగా మునిసిపాలిటీలో ఉద్యోగం వచ్చినప్పుడు మా అమ్మ చుట్టాలందరికీ "నీళ్ల ఇంజినీరు" అని చెప్పుకుంది. ఏ నీళ్లో చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. ఆ నీళ్లు పుంగనూరు పెద్ద కాలువలో ఊరంతా తిరిగి, శివారున ఒక కుంటలో పడేవి. ఆ కుంటకు ఎగువన ప్లాంటు కట్టాలని నిర్ణయమైంది. ఆ స్థలానికి, మేట్రనమ్మ ఇంటికి మధ్య ఉన్నది ఒక్క పిట్టగోడ.

పని మొదలుపెట్టే రోజు జేసీబీ వచ్చేసరికి దాని తొట్టి ముందు ఒక ఇనుప కుర్చీ, కుర్చీలో ఆమె. తెల్లచీర, కాన్వాసు బూట్లు, నల్ల గొడుగు, పక్కన ఫ్లాస్కు. కాలనీవాళ్లు ఆమె వెనక, ఎండ తగలకుండా గోడ నీడలో నిలబడి ఆందోళన చేస్తున్నారు. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేసి చక్రం పక్కన కూర్చుని సంగటి తింటున్నాడు. మా పై ఇంజినీరు నన్ను ముందుకు తోశాడు. "నువ్వు చిన్నవాడివి, నీ మాట వింటుంది, పో" అన్నాడు.

నేను వెళ్లి నమస్కారం పెట్టాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మోషన్ సాఫీగా అయితాందా?"

"లేదమ్మా. హోటలు తిండి" అన్నాను.

"సేతులు సూపీ."

చూపించాను. తిప్పించి మరీ చూసింది. "ఈ గోర్లతో అన్నం కలుపుకుంటే ఇంగెట్లయితాది? పో, కత్తిరించుకోని రా. అప్పుడు మాట్లాడదాం."

వెనక్కి వచ్చాను. ఏమంది అని మా పై ఇంజినీరు అడిగాడు. "గోళ్లు కత్తిరించుకోమంది సార్" అన్నాను. ఆయన తన రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకున్నాడు.

గోళ్లు తీసుకుని మళ్లీ వెళ్లాక ఆమె ఫ్లాస్కులోంచి నాకు కొంచెం కాఫీ పోసింది. "ఇప్పుడు సెప్పు. వాసన వస్తాదా, రాదా?"

"రాదమ్మా. కొత్త పద్ధతి."

"సూది గుచ్చే ముందర డాక్టర్లు కూడా నొప్పుండదనే సెప్తారు. గుచ్చేది మేము గదా, మాకు తెలుసు." కాసేపు గొడుగు కాడ తిప్పుతూ ఉండి, "ఇప్పుడు యాడికి పోతాంది, మనం పంపించేది?" అని అడిగింది. మురుగు అనే మాట ఆమె వాడేది కాదు. మనం పంపించేది అనేది. ఎవరి బాధ్యతో వాళ్లకు గుర్తుచేసినట్టుగా ఉండేది.

"రండి, చూపిస్తాను" అన్నాను.

కాలువ గట్టు వెంబడి ఇద్దరం దిగువకు నడిచాం. కాలనీవాళ్లు కొంతదూరం వచ్చి, ముక్కుకు గుడ్డలు కట్టుకుని, ఆ తర్వాత వెనుదిరిగారు. ఆమె చీర చెంగు కూడా ముక్కుకు పెట్టుకోలేదు. కుంట దగ్గర కాలువ నీళ్లు మళ్లించుకుని ఆకుకూర మళ్లు వేసి ఉన్నారు. ఒకావిడ వంగి కొత్తిమీర పీకుతోంది. తలెత్తి చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఏమమ్మా, ఇంత దూరం నడిసి వచ్చినావు? నీకు దినామూ ఇంటికే తెచ్చిస్తాండా గదా."

మేట్రనమ్మ ఆమె చేతిలోని కొత్తిమీర కట్టను చూసింది. కాలువను చూసింది. గట్టు మీదుగా దూరాన కనబడుతున్న తన ఇంటినీ, ఇంటి వెనక నుంచి కాలువలోకి దిగిన గొట్టాన్నీ చూసింది. గట్టు మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. గొడుగు పక్కకు పడిపోయినా పట్టించుకోలేదు.

"అంటే నేను పంపించేది నాకే వస్తాంది. కట్టలు గట్టి."

కొత్తిమీర ఆవిడకు అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వింది. కానీ తిరిగి వచ్చేటప్పుడు మేట్రనమ్మ గొడుగు మూసి, దాంతో గట్టును పొడుస్తూ నడిచింది. ఇల్లు దగ్గరికొచ్చాక అంది. "వాంతులు, బేదులని మా వార్డుకు వచ్చే పిల్లోళ్లలో ఈ కుంట పక్క పల్లెలోళ్లు శానామంది ఉండేవాళ్లు. యాలనో, ఎందుకనో అనుకుంటాంటి."

కుర్చీ తీసి గోడ వారన పెట్టించింది. తీసే ముందు నాకొక షరతు పెట్టింది. "వాసన వచ్చిన దినం ఫోన్ జేస్తా. నువ్వు వచ్చి మా వసారాలో కూసోవల్ల. నేను ఎంతసేపు పీలుస్తానో నువ్వూ అంతసేపు పీల్చల్ల."

"మా పై ఆఫీసర్లు ఉండారు గదమ్మా..."

"వాళ్ల ముక్కులు యాడుంటాయో నాకు తెలీదు. నీది ఈడే ఉండాది గదా."

ప్లాంటు కట్టారు. ఇనుప జల్లెడలు చెత్తను ఆపుతాయి. తర్వాత పెద్ద తొట్టిలో కింది నుంచి గాలి ఊదుతారు. ఆ గాలికి సూక్ష్మజీవులు బతికి, నీళ్లలోని మలినాన్ని తినేస్తాయి. పేరుకున్న బురద అడుక్కు దిగుతుంది, పైకి తేలిన నీళ్లు కుంటకు పోతాయి. ఇదంతా ఆమెకు బొమ్మ గీసి చెబితే "అంతా అరుగుదలే గదా, దీనికి ఇంత బొమ్మెందుకు" అంది. ఆ రోజు నుంచి ప్లాంటు గురించి కూడా మనుషుల గురించి అడిగినట్టే అడిగేది. రెడ్డెప్ప కూడా అదే భాషలో జవాబు చెప్పడం నేర్చుకున్నాడు. "ఈ దినం కొంచెం మందంగా ఉందమ్మా" అనేవాడు గోడ మీది నుంచి.

షరతు ప్రకారం ఫోన్లు మొదలయ్యాయి. ఆమె ముక్కు గొప్పది కాదని ఇక్కడ చెప్పక తప్పదు. మొదటిసారి పిలిస్తే వెళ్లి కూర్చున్నాను, ఇద్దరం పీల్చాం, చివరికి అది పక్కింటివాళ్లు మిద్దె మీద ఆరబెట్టిన ఎండుచేపల వాసన అని తేలింది. ఇంకోసారి ఆమె అటక మీదే పందికొక్కు చచ్చి పడుంది. దాన్ని తీసింది నేనూ రెడ్డెప్పా. మరోసారి ఆమె చెల్లెలు మరిచిపోయిన దోసెపిండి. తప్పు తేలిన ప్రతిసారీ ఆమె ముఖంలో ఏ మార్పూ ఉండేది కాదు. "సరే, ఈ తూరికి మీ ప్లాంటును ఒగ్గేస్తాండా" అనేది, క్షమించినట్టు. కాఫీ, నూనెలో వేయించి చక్కెర అద్దిన గులాబీ పువ్వులు తెప్పించేది. ఆమె చెల్లెలు వాటిని బల్ల మీద పెట్టి, నోరు విప్పకుండా లోపలికి వెళ్లిపోయేది. ఇన్నేళ్లలో ఆ చెల్లెలి గొంతు నేను విన్నది లేదు. ఇంట్లో మాటలన్నీ అక్కే వాడేసుకునేదేమో. కొన్నాళ్లకు నా పరిస్థితి ఎక్కడిదాకా వచ్చిందంటే, వారమంతా ఫోన్ రాకపోతే ప్లాంటు బాగుందని సంతోషపడాలో, గులాబీ పువ్వులు పోయాయని బాధపడాలో తెలిసేది కాదు.

ప్లాంటును అధికారికంగా ప్రారంభించడానికి పై నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. శామియానా వేశారు, కెమెరాలవాళ్లు వచ్చారు. శుద్ధి చేసిన నీళ్లు ఒక గ్లాసు అందరి ముందూ ఆయన తాగితే బాగుంటుందని మా పై ఇంజినీరుకు ఆలోచన వచ్చింది. ఆయన సరేనన్నారు. ఆ నీళ్లు చెట్లకూ, కుంటకూ పనికొస్తాయి తప్ప తాగడానికి కాదు. ఆ సంగతి మా ఇంజినీరుకు తెలియక కాదు. అందుకే శామియానా వెనక గ్లాసులో బాటిల్ నీళ్లు నింపించాడు.

కాలనీ పెద్దగా మేట్రనమ్మ ముందు వరసలో కూర్చుంది. నన్ను పిలిచింది.

"ఆ గ్లాసులోది మన నీళ్లేనా?"

"కాదమ్మా. బాటిల్ నీళ్లు."

"తాగి ఏమంటాడు?"

"ప్లాంటు నీళ్లు తాగినానంటాడు."

"పేపర్లో వస్తాదా?"

"వస్తాది."

"పిల్లోళ్లు సూస్తారు" అంది తనలో తను. లేచింది. గొడుగు నా చేతిలో పెట్టి వేదిక ఎక్కింది. దండ వేయడానికి వస్తోందనుకుని ఆ అధికారి వినయంగా తల వంచారు. ఆమె ఆయన్ను దాటిపోయి, పళ్లెంలోని గ్లాసు తీసుకుని గటగటా తాగేసి, ఖాళీ గ్లాసు బోర్లించి పెట్టింది.

"ఎండకు నోరెండిపాయె నాయనా" అని ఆయనతో అని, మైకు వైపు తిరిగింది. "ఇవి బాటిల్ నీళ్లు, సల్లగుండాయి. ప్లాంటు నీళ్లు వేరే. అవి సెట్లకు. ఎవురూ తాగబాకండి. తాగితే వార్డుకు వస్తారు. సూసేదానికి నేను ఆడ లేను, రిటైరైపోతిని."

మా పై ఇంజినీరు ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఆ అధికారి ఒక్క క్షణం నిలబడి, తర్వాత ఏమనుకున్నారో నవ్వేశారు. "అయితే నన్నేం చెయ్యమంటారమ్మా?" అని అడిగారు.

"ముందు సేతులు సూపీ."

చూపించారు. "బాగుండాయి" అని మెచ్చుకుని, రెడ్డెప్ప చేత ప్లాంటు నీళ్ల క్యాను తెప్పించి, గేటు దగ్గరి కానుగ మొక్కకు ఆయనతో పోయించింది. మరుసటి రోజు పత్రికలో వచ్చిన ఫోటో అదే. మా పై ఇంజినీరు కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు టీ తాగుతూ, "ఆయమ్మ తాగేసింది కాబట్టి సరిపోయింది. ఎవరైనా విలేకరి ఆ గ్లాసు పట్టుకుని ఉంటే నా ఉద్యోగం పోయేది" అని తనే అన్నాడు.

నిజంగా వాసన వచ్చింది ఆ తర్వాతి ఎండాకాలంలో. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది, జనరేటరు చేతులెత్తేసింది. గాలి ఊదే యంత్రాలు ఆగిపోయి తొట్టిలోని జీవాలన్నీ ఊపిరాడక చచ్చిపోయాయి. ఆ కంపును వర్ణించే పని పెట్టుకోను. అందరికీ అన్నం తినాల్సి ఉంటుంది. ఈసారి ఆమె ఫోన్ చేసే పని లేకుండానే వెళ్లి వసారాలో కూర్చున్నాను. రోజూ సాయంత్రం ఇద్దరం కాఫీ పట్టుకుని, తాగలేక, పీలుస్తూ కూర్చునేవాళ్లం.

ఒక సాయంత్రం కాలనీవాళ్లు పెద్ద తాళం పట్టుకుని వచ్చారు, ప్లాంటు గేటుకు వేయడానికి. నేను వసారాలో కనబడేసరికి ఆమె ముంగిట్లోకే వచ్చి అరవడం మొదలుపెట్టారు.

"గమ్మున కూసోండి" అందామె, వార్డు గొంతుతో. అందరూ మెట్ల మీద కూర్చున్నారు. ఎందుకు కూర్చున్నారో వాళ్లకూ తెలిసినట్టు లేదు.

"నువ్వు మా పక్కనా, ఆ యప్ప పక్కనా?" అని అడిగాడు తాళం పట్టుకున్నాయన.

"మీరు కిటికీలు మూసుకోని ఇండ్లల్లో ఉండారు. ఈ పిల్లోడు దినామూ వచ్చి ఈడ కూసోని పీలుస్తాండాడు. పారిపోయినోడికి తాళమెయ్యండి. ఈనికి యాల?" అని, నా వైపు తిరిగింది. "నువ్వు కూడా ఊరికే పీలిస్తే సాల్దు. ఏం జెయ్యల్లో సెప్పు."

చెప్పాను. కరెంటు వచ్చేసింది కానీ తొట్టిలో జీవాలు లేవు. వాటంతటవి పెరగాలంటే చాలా కాలం పడుతుంది. వేరే ప్లాంటు నుంచి బతికున్న బురద తెచ్చి కలిపితే త్వరగా పుంజుకుంటుంది. "పాలకు తోడు వేసినట్టు" అని రెడ్డెప్ప అందించాడు. మదనపల్లె దగ్గర ఒక ఇళ్ల సముదాయంవాళ్లకు సొంత ప్లాంటు ఉంది. కానీ అక్కడి మేనేజరు ఇవ్వనంటున్నాడు. బురద కోసం ఇంత బతిమాలుతున్నారంటే ఇందులో ఏదో లాభం ఉందని అతని అనుమానం.

"ఎవురా మేనేజరు?" అంది. పేరు చెప్పాను. తండ్రి పేరు అడిగింది. తెలుసుకుని చెప్పాను. "వాడా? తలకిందులుగా పుట్టినాడు వాడు. నేనే బయటికి లాగినా. పద, నేనూ వస్తా."

ఎంత చెప్పినా వినలేదు. పొద్దున్నే మురుగు ట్యాంకరు వచ్చి ఆగగానే, డ్రైవరు చేతులు చూసి, గోళ్లు బాగున్నాయని తృప్తిపడి, సీటు మీద పాత పేపరు పరిపించుకుని ఎక్కి కూర్చుంది. నేను ఆమెకూ డ్రైవరుకూ మధ్య ఇరుక్కున్నాను. మదనపల్లె చేరేసరికి బజారంతా ఆమెకు నమస్కారాలే. ఆసుపత్రి గేటు ముందు బండి ఆపించింది. నర్సులు పరుగెత్తుకొచ్చారు.

"ఏం మేడమ్, ఈ బండిలో వచ్చినారు?"

"డ్యూటీ మింద పోతాండా" అంది. కిటికీలోంచే ఇద్దరి టోపీలు సరిచేసి, "పోనీ" అంది డ్రైవరుతో.

మేనేజరు అద్దాల గదిలో కంప్యూటరు ముందు ఉన్నాడు. చుట్టూ సిబ్బంది. ఆమె తలుపు తోసుకుని వెళ్లి, నిలబడే అడిగింది.

"ఏమప్పా, మోషన్ సాఫీగా అయితాందా?"

అతను ముందు ఎర్రబడ్డాడు, తర్వాత లేచి నిలబడ్డాడు. "మేడమ్, మీరా? అమ్మ ఇప్పటికీ మీ గురించి చెబుతుంటుంది" అన్నాడు.

"అమ్మ ఎట్లుండాది? సరే, అది మళ్లా మాట్లాడుకుందాం. నీ దగ్గర బురదుందంట గదా. కొంచెం ఇయ్యి."

ట్యాంకరు నిండింది. తిరుగు ప్రయాణంలో ప్రతి గుంత దగ్గరా ఆమె నా మీదుగా చెయ్యి చాచి డ్రైవరు భుజం తట్టేది. "మెల్లగ పో నాయనా. లోపల ప్రాణముండేవి ఉండాయి." ఒక చోట అతను మరీ నెమ్మదిగా పోతుంటే వెనక లారీవాడు హారను మోగించి తిట్టాడు. ఆమె కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, ఆగమన్నట్టు చూపించింది. ప్రసవాల గది ముందు మొగుళ్లను ఆపినట్టు. లారీవాడు ఆగాడు.

కొన్నాళ్లకు తొట్టి గోధుమరంగుకు తిరిగింది. కంపు పోయి తడిమట్టి వాసన వచ్చింది. ఆమె వచ్చి కటకటాలు పట్టుకుని చాలాసేపు చూసింది. "ఆకలి బాగానే ఉండాదే దీనికి" అని సంతోషపడింది. తాళం తెచ్చినాయన ఆ తాళాన్ని రెడ్డెప్పకే ఇచ్చేశాడు. మా స్టోరు గదికి అదే వేస్తున్నాం.

ఇవన్నీ తలుచుకుంటూ నేను పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. వాన ఆగలేదు. ప్రార్థన అయిపోయి శవపెట్టె చర్చిలోనే ఉంది. జనమంతా గొడుగులు పట్టుకుని సమాధుల తోటలో నిలబడి ఉన్నారు. కదలడం లేదు. వెళ్లి చూస్తే, తవ్విన గొయ్యి నిండా ఎర్రనీళ్లు. తవ్వేవాళ్లు బకెట్లతో తోడుతున్నకొద్దీ ఊరుతున్నాయి. అది పల్లపు నేల. రేపటిదాకా ఆగుదామని ఒకరు, మెరకలో వేరే గొయ్యి తవ్వుదామని ఇంకొకరు. పాస్టరు ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆమె చెల్లెలు ఒక రాతి పక్కన తడుస్తూ నిలబడి గోతిలోకే చూస్తోంది.

రెడ్డెప్ప నా చెవి దగ్గరికి వచ్చాడు. "సార్, మన పంపుండాది గదా."

నేను పాస్టరుతో చెప్పాను. పక్కనున్న ఒక సంఘపెద్ద విన్నాడు. "ఆ మురుగు తోడే మోటరా? మేట్రనమ్మ సమాధిలోనా?" అన్నాడు నొచ్చుకుంటూ. అందరూ నేల చూపులు చూశారు.

"మా యక్కను నీళ్లలో పెట్టేది నాకిష్టం లేదు" అంది ఒక సన్నని గొంతు. ఆమె చెల్లెలు. నేను ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. "కడిగి తీసుకోని రండప్పా."

ప్లాంటుకు పోయి పంపునూ గొట్టాలనూ బ్లీచింగు నీళ్లతో లోపలా బయటా కడిగాం. ఆటోలో వేసుకొచ్చాం. కాలనీ మగవాళ్లు జనరేటరును బురదలో మోసుకొచ్చారు. నొచ్చుకున్న సంఘపెద్ద కూడా ఒక పక్క చెయ్యి వేశాడు. రెడ్డెప్ప గోతిలోకి దిగి గొట్టం మూలకు వదిలాడు. నేను రెండో గొట్టం పట్టుకుని, పక్క సమాధుల మీద పడకుండా నీళ్లను దూరంగా గట్టు అవతలికి మళ్లించాను. నీటి మట్టం తగ్గింది. అడుగు కనబడింది. కానీ పంపు ఆపితే మళ్లీ ఊరుతాయని రెడ్డెప్ప చెప్పాడు. పెట్టె దిగేదాకా నడవాల్సిందే.

పెట్టె తెచ్చారు. పాటలవాళ్లు మోటరు చప్పుడును మించి పాడారు. పాస్టరు గొడుగు కింద పుస్తకం పట్టుకుని గొంతు చించుకుని చదివాడు. రెడ్డెప్ప గోతిలో మోకాళ్ల మీద ఉండి, కడసారి గొట్టాన్ని నాలుగు మూలలకూ తిప్పి, పైనున్నవాళ్ల చేతులు పట్టుకుని ఎక్కి వచ్చాడు. తాళ్లు పట్టుకుని పెట్టెను దించారు. ఆమె చెల్లెలు ముందుకు వంగి చూసింది. పెట్టె నేలకు తగిలిన చప్పుడు వినబడింది, పొడి చప్పుడు.

చెల్లెలు నా వైపు చూసి తలూపింది. రెడ్డెప్ప మోటరు ఆపేశాడు.